టకటక మాస్టారు

ఈత కొలనులో స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుగున ఈదటం, నేర్పే మాస్టారికి ఒకటే పిచ్చి. చేతికందినదాన్నల్లా ఉంగరంతో కొడతాడు. టక్ టక్. కాస్త ఆగి మళ్ళీ టక్ టక్. టీ గ్లాసు, కిటికీ ఊచ, గాలి సిలిండరు, ఆఖరికి డాక్టరుగారి బల్ల. డాక్టరు బీపీ చూడటం మానేసి నరాలకు మందు రాశాడట. ఆ మందు సీసా కూడా ఇప్పుడు మోగుతోంది.

టైలరమ్మకు ఆ చప్పుడంటే ఒళ్ళుమంట. చూపు పోయి ఏడాదైంది. మిషను మీద గుడ్డ కప్పింది, మళ్ళీ తీయలేదు. అక్క పోరు పడలేక ఇక్కడ చేరింది. చీకట్లో ఉన్నదాన్ని నీళ్ళలో ముంచి ఏం చూపిస్తారని మొదటిరోజే అడిగింది. చూపున్నవాళ్ళకూ అక్కడ కనిపించేది బుడగలేనని మాస్టారు ఒప్పుకున్నాడు.

నీళ్ళ కింద మాటలుండవు కనుక అరచేతిలో వేలితో గీసి సైగలు నేర్పాడు. ఒక గీత పైకి. రెండు గీతలు కిందికి. గుండ్రంగా గీస్తే అంతా బాగుందని. ఆ మూడోది ఆమె ఏనాడూ గీయలేదు. అబద్ధమాడటం ఇష్టంలేదు.

మూడు నెలలు ఓర్చుకుంది. ఆ రోజు సిలిండరు వీపుకు కట్టించుకుంటూ అనేసింది.

"మాస్టారూ, నా బతుకు చాలదా, పైన మీ వడ్రంగిపని కూడానా? ఈ ఒక్కరోజు ఆ చెయ్యి ఊరుకోనివ్వండి."

మాస్టారు సరేనన్నాడు.

కొలను అడుగున ఆయన చేతిలోంచి ఆమె చెయ్యి జారింది. చుట్టూ ఏమీ లేదు. తన ఊపిరి తప్ప చప్పుడు లేదు. ఏడాదిగా తాను చీకటి అనుకున్నది ఇంత లోతు లేదని అప్పుడు తెలిసింది.

అర నిమిషంలో ఆయన పట్టుకుని పైకి తెచ్చాడు. రేపటినుంచి రానని ఆమె చెప్పింది. ఆయన ఆమె వీపునుంచి సిలిండరు విప్పి పక్కన పెట్టాడు. దేన్నీ కొట్టలేదు.

టికెట్ల కిటికీలో కూర్చునేది మాస్టారి భార్య. టైలరమ్మ తన కార్డు తిరిగిచ్చింది.

"మానేస్తున్నావా? మా ఇంట్లో గ్లాసులు బతికాయి. నువ్వు చేరకముందు ఈయనకు ఈ జబ్బు లేదమ్మా."

"నేనేం చేశాను?"

"నీళ్ళలో చప్పుడు ఏ దిక్కునుంచో తెలియదట. పక్కన మనిషున్నాడని మాత్రం తెలుస్తుందట. అక్కడ సిలిండరు కొట్టడం ఒక్కసారి మరిచిపోయినా నువ్వు భయపడతావని, ఒడ్డు మీద చెయ్యికి అలవాటు చేస్తున్నాడు. నిన్న కూరగాయల తక్కెడ కొట్టి తిట్లు తిన్నాడు."

టైలరమ్మ కిటికీలో చెయ్యి పెట్టి కార్డు వెనక్కి తీసుకుంది. మాస్టారు ఎటున్నాడో తెలియలేదు. పిలిచింది. తడి చెప్పులు దగ్గరకొచ్చాయి. ఆయన చెయ్యి అందుకుంది. గుండ్రంగా గీయలేదు, అది ఇంకా అబద్ధమే. ఉంగరం మీద గోటితో రెండుసార్లు కొట్టింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఆమె వీధిలో కరెంటు స్తంభాలన్నీ కొట్టుకుంటూ వచ్చాడు. వీధంతా తిట్టుకుంటూ లేచింది. టైలరమ్మ తలుపు అప్పటికే తెరిచి ఉంది. అయినా కొట్టాడు.