ఒకే సూది, ఇద్దరు అక్కచెల్లెళ్లు

ఆసుపత్రి లాండ్రీలో అక్క చేసిన తప్పేదైనా ఉంటే, జబ్బు తగ్గకపోవడమే. దానికే సూపర్‌వైజర్ ఆమెను ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి తీసేసి మురికి గుడ్డలు ఏరే మూలకు తోశాడు. మంచినీళ్ల గ్లాసు విడిగా పెట్టించాడు. ఎదురు చెప్పడానికి అక్కకు ఓపికుండాలి కదా.

జరిగింది ఇదీ. ఉతికే ముందు పెద్ద దుప్పట్లను ఇద్దరు చెరో కొస పట్టుకుని విదిలించి చుట్టబెట్టాలి. అప్పట్లో ఆ పనిలో అక్కాచెల్లెళ్లది ఎప్పుడూ జోడీయే. చేతి తొడుగులు అడిగినప్పుడల్లా వస్తున్నాయి వస్తున్నాయి అనేవారు. వార్డులో ఎవరో దుప్పట్లోనే వదిలేసిన సూది అక్క అరచేతిలో దిగింది. కంగారుగా లాగబోయిన చెల్లెలికీ గుచ్చుకుంది. తర్వాత రక్తపరీక్షలో ఇద్దరికీ హెపటైటిస్ సి, అంటే కాలేయాన్ని పాడుచేసే వైరస్ జబ్బు, అని తేలింది.

కొన్నాళ్లకు చెల్లెలి రక్తంలో వైరస్ దానంతటదే మాయమైంది. అప్పుడామె ఏదో ఆకు పసరు తాగుతుండేది.

"నా మాట విను అక్కా, నన్ను నిలబెట్టింది ఆ పసరే."

అక్క విన్నది. రెండేళ్లు ఆసుపత్రి మెట్లెక్కకుండా పసరే మింగింది. కాళ్లీడ్చుకుంటూ పనికొచ్చేది.

"ఒకే సూది, ఒకే ఇల్లు, ఒకే తిండి. ఆవిడకి తగ్గి నీకు తగ్గలేదంటే, చాటుగా సారా చుక్కేదో వేస్తున్నావమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. పక్కవాళ్లు నవ్వారు.

చివరికి అక్క నిలబడలేకపోతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారిద్దరూ.

"తోబుట్టువులైనా జన్యువులు అచ్చం ఒకేలా రావమ్మా," అందామె. "వైరస్‌ని గుర్తుపట్టి తరిమే జన్యువులు మీ చెల్లెలికి ఒక రకంవి, మీకు ఇంకో రకంవి వచ్చి ఉండొచ్చు. అన్నీ అవే తేల్చవు గానీ, వాటి పాత్ర పెద్దదే. పసరు చేసిందేం లేదు. మీ తప్పూ ఏం లేదు."

చెల్లెలు తలెత్తలేదు. "రెండేళ్లు నా మూలంగా పోయాయే అక్కా."

"ఊరుకోవే. అమ్మానాన్న మనకేం పంచలేదనుకున్నా. పంచారన్నమాట, సమానంగా కాదంతే."

ఇప్పుడు మంచి మాత్రలున్నాయట, కొన్ని నెలలు వాడితే చాలామందికి తగ్గుతుందట. అక్క కాలేయం గట్టిపడుతోంది, ఇక ఆలస్యం పనికిరాదంది డాక్టరమ్మ. కానీ పనిలో తగిలిన జబ్బుకు మందిప్పించాల్సిన లాండ్రీ కాంట్రాక్టరు, "సూది వల్లే అయితే ఇద్దరికీ ఉండాలిగా," అంటున్నాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినా వినడు.

గురువారం పొద్దున అక్కాచెల్లెళ్లు ఆసుపత్రి పెద్దాఫీసరు గది ముందు కూర్చుంటారు. డాక్టరమ్మ వస్తానంది. మీరూ రండి. రాలేనివాళ్లు మీ దగ్గరి ఆసుపత్రికి వెళ్లి అడగండి: ఈ దుప్పట్లు ఉతికేవాళ్ల చేతులకు తొడుగులున్నాయా, సూది గుచ్చుకుంటే మందెవరిస్తారు? ఒకసారి అడిగి ఊరుకోకండి. అక్క చేతికి మందు అందేదాకా అడుగుతూనే ఉండండి.