సోనీబాయి కడియాలు

మాది నేరేడుచర్ల. ఆదివారాలు పక్క తండా చర్చిలో ఆడవాళ్లకు బైబిల్ చెప్తుంటాను. రెండేళ్ల క్రితం ఒక వారం వెండి గురించి చెప్పాను. "యోసేపును అన్నలు అమ్ముకున్నది వెండికే. శిష్యుడైన యూదా యేసుప్రభువును పట్టిచ్చింది ముప్పై వెండి నాణేలకే!" అని గొంతు పెంచేసరికి అందరూ నోరు తెరుచుకుని విన్నారు. భలే చెప్పానని పొంగిపోయాను.

మరుసటి ఆదివారం సోనీబాయి అవ్వ బోసి కాళ్లతో వచ్చింది. పెళ్లిలో తల్లి తొడిగిన వెండి కడియాలు లేవు.

"మిర్యాలగూడ పోయి అమ్మేసిన టీచరమ్మా. ప్రభువును అమ్మిన వెండి నా ఒంటి మీద ఎందుకు?" అని నవ్వింది.

దేవుని మాట ఏడుసార్లు కరిగించి శుద్ధి చేసిన వెండి లాంటిదని కూడా అదే బైబిల్లో ఉంది. ఆ మిగతా సగం పాఠం రెండో వారం చెప్దామని ఆపి ఉంచాను.

కంగారుగా కదిలితే నా కాళ్ల పట్టీలు ఘల్లుమన్నాయి. అవ్వ వాటివైపు చూసింది. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కున్నాను.

మర్నాడే మిర్యాలగూడ వెళ్లి అవ్వ అమ్మిన వెండి దుకాణంలో ఆ కడియాలు తిరిగి ఇమ్మని అడిగాను. "అవి మొన్ననే కరిగించినమమ్మా," అన్నాడు దుకాణదారు.

ఆ రోజే పట్టీలు తీసేశాను. మిగిలిన సగం పాఠం మాత్రం అవ్వ ముందు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.