మోచేయి చూసే మనిషి

పత్రికలో డెస్కు మీద పనిచేసినవాళ్లకు సాయంత్రం నాలుగింటికి రోజు మొదలవుతుంది. ఉద్యోగం మానేసి రెండేళ్లయినా ఆ వేళకు నేను చొక్కా తొడుక్కుంటాను. వెళ్లడానికి మాత్రం చోటు ఉండదు. నా భార్య ఉన్న రోజుల్లో ఆ వేళకే టీ పెట్టి, "ఇయ్యాల ఎవరి మీద రాస్తరు?" అని ఎగతాళి చేసేది. ఆమె పోయినప్పటి నుంచి టీ నేనే పెట్టుకుంటున్నాను. ఎగతాళి చేసేవాళ్లే లేరు.

సిద్దిపేట పాత బస్టాండ్ దగ్గర ఒక బట్టల దుకాణం పైన పూల్ ఆడే హాలు ఉంది. పొడుగు కర్రతో తెల్ల బంతిని కొట్టి, అది తగిలిన రంగు బంతిని బల్ల అంచున ఉన్న రంధ్రంలో పడేసే ఆట అది. దుకాణాలవాళ్లు, డ్యూటీ దిగిన బస్సు డ్రైవర్లు అక్కడికి చేరతారు. రోజూ నడకకు పోతూ మెట్ల కింద ఆగి వాళ్ల నవ్వులు, తిట్లు వినేవాణ్ని. ఒక సాయంత్రం పైకెక్కాను. తలుపు తోయగానే లోపల మాటలు ఆగిపోయాయి.

హాలు యజమాని ఎదురొచ్చాడు. "రాండ్రి సార్. ఏమన్న రాస్తున్నరా మా మీద? టైముకు బంద్ చేస్తున్నం, స్కూలు పిల్లలను రానిస్తలేం."

"రాసుడు లేదు, గీసుడు లేదు. ఊకెనే వచ్చిన."

"మీరు ఊకెనే ఎందుకొస్తరు సార్!"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అయిదు నిమిషాలు కూర్చుని దిగి వచ్చాను. ఈ ఊళ్లో ఒకసారి పేపరువాడైతే చచ్చేదాకా పేపరువాడే. పెళ్లి విందులో కూడా నేను పక్కన కూర్చుంటే మాట వానల మీదికి మళ్లుతుంది. నేను కూడా ఆడితే నమ్ముతారనిపించింది. నాకు కావలసింది గెలుపు కాదు, నేను వెళ్లినా మాటలు ఆగని ఒక్క చోటు. అయితే ఎదుటివాళ్ల తప్పులు దిద్దుతూ బతికినవాణ్ని, నా తప్పులు పదిమంది ముందు పెట్టడానికి మనసొప్పలేదు. ముందు పుస్తకం చూసి ఇంట్లోనే నేర్చుకుందామనుకున్నాను.

మా ఊరి పుస్తకాల దుకాణంలో అడిగితే, కానిస్టేబుల్ గైడ్ల వెనక నుంచి దుకాణదారు తల పైకెత్తాడు. "ఏ పరీక్షకు సార్ గది?"

"పరీక్షకు కాదు. ఆడుకోనీకి."

"ఆడుకోనీకి పుస్తకం ఎందుకు సార్? సిలబస్ లేని పుస్తకం నా దగ్గర దొరకది."

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ పోయాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో గంటన్నర వెతికితే మూడు దొరికాయి. మూడూ ఇంగ్లీషువే. మొదటిదాన్ని ఒక పాత ఆటగాడు రాశాడు. అందులో ఆట కంటే ఆయన ఎక్కువగా ఉన్నాడు, అప్పుడే పక్కన పెట్టాను. రెండోది అట్ట లేని సన్నటి పుస్తకం. చవక అచ్చు, పేజీకి రెండు తప్పులు, ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు. మూడోది దళసరిది. కొలతలతో బొమ్మలు, శుభ్రమైన వాక్యాలు, ఎక్కడ తెరిచినా అచ్చుతప్పు కనబడలేదు. ముప్ఫై ఏళ్ల అలవాటు దాన్నే చేతికిచ్చింది. తిరుగు బస్సులో చదువుతుంటే ఒక బొమ్మ కింద అంకె తప్పు పడి ఉంది. ఎర్ర పెన్ను తీసి దిద్దాను. ఆ పూటకు అదే సంతోషం.

మూడు వారాలు భోజనాల బల్ల మీద నేర్చుకున్నాను. బూజుకర్ర పిడి నా కర్ర, బత్తాయి నా బంతి. కాళ్ల మధ్య ఎంత దూరం ఉండాలో, గడ్డం ఎంత కిందికి దించాలో అన్నీ పుస్తకం చెప్పినట్టే చేశాను. బత్తాయి మాత్రం ప్రతిసారీ ఎడమకే పోయేది. దానికి కారణాలు ఆరు అని పుస్తకం రాసింది. చివరిది, మోచేయి బయటికి తెరుచుకోవడం. అది తెరుచుకుంటోందో లేదో ఎలా తెలుసుకోవాలో రాయలేదు. బీరువా అద్దం ముందు నిలబడి చూశాను. అద్దం వైపు తల తిప్పితే చెయ్యి కూడా తిరిగిపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సన్నటి పుస్తకంలో ఒక వాక్యం కింద పెన్సిలు గీత రెండుసార్లు గీసి ఉంది. ఎవరి మోచేయి వాళ్లకు కనబడదనీ, వెనక ఒక మనిషిని నిలబెట్టుకోమనీ దాని అర్థం. అందులో రెండు అక్షరాలు తారుమారైతే చిరాకుపడి పుస్తకం కింద పెట్టింది నేనే. ఇంట్లో వెనక్కి తిరిగి చూశాను. వంటింటి గుమ్మం దాకా ఖాళీ. ఆమె ఉంటే అక్కడే నిలబడి, అడగకపోయినా చెప్పేది.

మళ్లీ ఆదివారం అబిడ్స్ పోయాను. అది లేదు. "గప్పుడే తీసుకపోవాలె సార్. సన్న పుస్తకాలు ఆగయి," అన్నాడు అమ్మే ఆయన.

సోమవారం నాలుగింటికి ఒట్టి చేతులతో హాలు మెట్లెక్కాను. మొదటిసారిలాగే మాటలు ఆగాయి. ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుని ఒక బస్సు డ్రైవరు తన జతగాడి కోసం ఎదురుచూస్తూ ఒక్కడే ఉన్నాడు. అతని దగ్గరికి వెళ్లి అడిగాను.

"అన్నా, ఒకసారి కొడత. వెనక నిలబడి జెర నా మోచెయ్యి చూస్తవా?"

"మోచెయ్యా? గంతేనా సార్?"

"గంతే."

బల్ల పక్కనున్న కర్ర తీసుకుని వంగి కొట్టాను. పడకూడని తెల్ల బంతే దేనికీ తగలకుండా పోయి తిన్నగా రంధ్రంలో పడింది.

"అమ్మో! రెక్క లేపుతున్నరు సార్, కోడిపుంజు లెక్క."

పక్క బల్ల మీద నుంచి ఎవరో అందుకున్నారు. "సార్‌ను కోడంటివి గదరా, రేపు పేపర్ల నీ ఫోటో పక్కా!"

హాలంతా నవ్వింది. యజమాని కౌంటరు వదిలి వచ్చి నా చేతిని పక్కటెముకలకు ఆనించి పట్టుకున్నాడు. "గిట్ల కొట్టున్రి." కొట్టాను. బంతి ఎడమకే పోయింది, కానీ కొంచెం తక్కువగా.

ఇంతలో డ్రైవరు జతగాడు వచ్చాడు. కర్ర అతనికిచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఆటకు రమ్మని నన్నెవరూ పిలవలేదు. నా పక్కన ఇద్దరు మాత్రం రాయపోల్‌లో ఎవరి బోరో ఎండిపోయిన సంగతీ, ఆ ఇంటి అల్లుడి అలకా చెప్పుకుంటున్నారు. నన్ను చూసి గొంతు తగ్గించలేదు. ఆ అల్లుడెవరో నాకు తెలియదు, అడగనూ లేదు. వింటూ కూర్చున్నాను.

డ్రైవరు వరసగా రెండుసార్లు గురి తప్పాడు. మూడోసారి వంగినవాడు కొట్టకుండానే తల తిప్పాడు.

"సార్, జెర నాది గూడ చూడున్రి."

లేచి వెళ్లి అతని వెనక నిలబడ్డాను.