తాళం అక్కర్లేని చక్కు

రంపం జారి నా కుడిచేతి బొటనవేలు తెగితే ఆసుపత్రిలో కుట్లేసి నిలబెట్టారు. వేలు మిగిలింది గానీ పట్టు తిరిగి రాలేదు. నేను వడ్రంగిని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మహదేవపురలో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో వంటింటి అలమరాలు బిగించేవాణ్ణి. ముందు సన్నటి బిట్టుతో చెక్కకు బెజ్జం పెట్టాలి. తర్వాత దాన్ని తీసి, స్క్రూ బిగించే బిట్టు పెట్టాలి. మళ్లీ బెజ్జం, మళ్లీ స్క్రూ. మార్చిన ప్రతిసారీ డ్రిల్లు మూతి దగ్గర బిట్టును పట్టుకునే చక్కును దాని తాళంచెవితో తిప్పి వదులు చెయ్యాలి, తిప్పి బిగించాలి. ఆ తిప్పడమే నా వల్ల కాకుండా పోయింది.

నాతో పనిచేసే బామ్మర్దిని కేకేసేవాణ్ణి. పాపం, నిచ్చెన మీదున్నా దిగొచ్చి మార్చిపోయేవాడు. ఎప్పుడూ విసుక్కునేవాడు కాదు. జాలిపడుతున్నాడేమోనని నాకు తల కొట్టేసినట్టుండేది.

"ఈ పని మానేసి ఎలక్ట్రానిక్ సిటీలో వాచ్‌మన్‌గా చేరతా" అన్నాను ఒకరోజు ఇంట్లో.

"చేరుదువులే. ముందు బళేపేటకు పోయి స్క్రూలు తెద్దాం పద" అంది నా భార్య.

అంగట్లో నేను స్క్రూలు ఏరుతుంటే, ఆమె అంగడాయన్ని అడిగేసింది. "అన్నా, ఈయన వేలికి బలం లేదు. తాళం తిప్పకుండా బిట్టు మార్చేది ఏమన్నా ఉండాదా?"

"ఉండాదమ్మా" అంటూ ఆయన వేలెడంత ఉక్కు గొట్టం తీశాడు. "ఇట్ల చూడప్పా. ఈ బిట్టు కాడకు ఆరు పలకలు. చుట్టూ గాడి ఉండాది. గొట్టం మీద ఉంగరం మాదిరుండే ఈ కాలరు ముందుకు లాగితే లోపలి గుండ్లు పక్కకు జరుగుతాయి, బిట్టు దూరుతాది. వదిలితే స్ప్రింగు కాలరును వెనక్కి తోస్తాది. గుండ్లు గాడిలో పడి పట్టుకుంటాయి."

"పనిలో ఊడొస్తే?" అన్నాను.

ఆయన గొట్టంలో బిట్టు దూర్చి, పటకారు నా చేతికిచ్చాడు. ఎడమచేత్తో ఎంత లాగినా బిట్టు రాలేదు. కాలరు రెండు వేళ్లతో జరిపానో లేదో, బిట్టు జారి నా అరచేతిలో పడింది. డ్రిల్లుకు ఆ గొట్టాన్ని ఒకసారి తాళంతో బిగించుకుంటే చాలట. ఇంటికి రాగానే నా భార్యే బిగించింది.

మర్నాడు అపార్ట్‌మెంటు వంటింట్లో మొదటి తలుపుకు బెజ్జం పెట్టి, అలవాటు కొద్దీ బామ్మర్దిని పిలిచాను. అతను దిగొచ్చేలోగా డ్రిల్లు మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఎడమచేత్తో బిట్టు మార్చేసి స్క్రూ బిగిస్తున్నాను.

అతను నోరు తెరుచుకుని చూశాడు. "ఇంకోసారి మార్చు బావా!"

మార్చాను.

"అబ్బ, బతికించినావు! నువ్వు పని మానేస్తే ఈ ఇళ్ల ఓనర్లతో నేనొక్కణ్ణే మాట్లాడాల్సొస్తాదని నాకు నిద్రే లేదు బావా."

నాకు నవ్వాగలేదు. అతనూ నవ్వుతూ నిచ్చెనెక్కాడు. చాలా రోజుల తర్వాత ఆ వంటింట్లో ఇద్దరం ఎవరి గోడ దగ్గర వాళ్లం పనిచేసుకున్నాం. మధ్యాహ్నం అన్నం వేళకు కింది వరస తలుపులన్నీ నిలబడ్డాయి. చెయ్యి కడుక్కుని వచ్చి, వాటిని ఒక్కొక్కటే తెరిచి మూసి చూసుకున్నాను.