మోటారుకు జెరమొచ్చింది

అత్తమ్మ భుజం నొప్పి చూడలేక, పాడైన టేప్‌రికార్డర్లకెల్లి మోటారు తీసి, ఇయ్యాల ఆమె మగ్గానికి నూలు కండెలు చుట్టే రాట్నానికి బిగించిన. బ్యాటరీల బదులు కరెంటిచ్చే ఎలిమినేటర్ పెట్టి స్విచ్ వేస్తే, సన్నగ పాడుకుంట తిరిగింది. కిటికీల పడ్డ ఎండల ఎర్రనూలు పారుతుంటే చూసుకుంట చూసుకుంట నాకు కునుకు పట్టింది.

ఏదో కాలిన వాసనకు లేచిన. కదురుకు నూలు చిక్కుకొని మోటారు ఆగిపోయింది, దాంట్లకు కరెంటు మాత్రం వస్తనే ఉంది. అత్తమ్మ పసిపిల్ల నుదురు చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టి చూస్తాంది.

"దీనికి జెరమొచ్చింది బిడ్డా. బంద్ చెయ్యి, జరసేపు పండుకోనీ" అన్నది.

బంద్ చేసి మోటారు విప్పిన. ఆమె మళ్ల చేత్తోనే రాట్నం తిప్పుకుంట కూసున్నది.

మొన్న తనకు జెరమొచ్చినప్పుడు పండుకోమని ఎంత మొత్తుకున్నా, ఒక్క కండె ఆపలే. మీ ఇంట్ల గూడ గీ దయ మిషన్లకేనా? చెప్పుండ్రి.