పేపర్ ప్లేటులో నాలుగో చిల్లు

పేపర్ ప్లేటు చేతికి రాగానే నా బొటనవేలు దాని నడిమధ్యకి పోతుంది. మొన్న ఆదివారం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక స్నేహితుడి మనవరాలి పుట్టినరోజుకి వెళ్ళినప్పుడూ అంతే అయింది. భోజనాల వరసలో నిలబడ్డాను. ఎదురుగా ప్లేట్ల దొంతర, అవతల పులిహోర పోపు వాసన. పై ప్లేటు తీసుకున్నాను. అంచు చుట్టూ ఉండే ముడతలు వేళ్ళకి తగిలాయో లేదో, పులిహోర వాసన ఎటు పోయిందో తెలియదు, తడిసిన ఓక్ ఆకుల వాసన, కాలిన మందుగుండు వాసన ముక్కుకి కొట్టాయి. పక్కనే ఉన్న మా అమ్మాయి కావ్య నా వేలు చూసింది. "నాన్నా, మళ్ళీనా? ఆ ప్లేట్‌కి హోల్ ఏం లేదు, తీసుకోండి," అంది. వచ్చేటప్పుడు నా పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా పెదవి విప్పని పిల్ల, అప్పుడు మాట్లాడింది. ఆ ప్లేటు సంగతి తనకి సగమే తెలుసు. మిగతా సగం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గొప్పగా చెప్పుకునే పని కాదు మరి.

వాల్టర్‌గారు అమెరికాలో నా మొదటి పై అధికారి. 1978లో డెట్రాయిట్ దగ్గర, కార్లకి స్టీరింగ్ భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. తయారై వచ్చిన ముక్కని కొలిచి, సరిగా ఉంటే పాస్ చేయడం, లేకపోతే పక్కన పడేయడం మా గది పని. ఆ గదికి ఆయన పెద్ద. అప్పటికే అరవై ఆరేళ్ళు. పొడుగ్గా, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దంతో ఉండేవారు. తండ్రి వయసు మనిషిని పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "వాల్టర్‌గారూ" అన్నాను. ఆ గారు ఏమిటో అడిగి తెలుసుకుని, మర్నాటి నుంచి నన్ను "రావ్‌గారూ" అనడం మొదలుపెట్టారు. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. కానీ ఇన్నేళ్ళ తర్వాత నాకు ఆయన మాటలు తెలుగులోనే గుర్తొస్తాయి, ఏం చేయను.

చేరిన కొత్తలో ఒకరోజు, లేతు మిషను మీద పనిచేసే ఒక పెద్దాయన తన ముక్కల ట్రే తెచ్చి నా ముందు పెట్టాడు. వెంట్రుకవాసి తేడా ఉంది. "వదిలెయ్యి రావ్, ఈ ఒక్కసారికి," అన్నాడు. వదిలేశాను. మధ్యాహ్నం వాల్టర్‌గారు ఆ ట్రేలోంచి ఒక ముక్క తీసి కొలిచి, నన్ను పిలిచారు. "ఇది ఎలా పాసయింది?" అని అడిగారు. ఆయన పెద్దవాడు, ముఖం మీద కాదనలేకపోయాను, మావాళ్ళు దీన్ని మొహమాటం అంటారు అని చెప్పాను. ఆ మాటని నాలుగుసార్లు పలికి చూశారు. "వినడానికి బాగుంది. కానీ రావ్‌గారూ, రేపు ఈ ముక్కని నమ్ముకుని ఒక తల్లి పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్తుంది. ఆవిడకి నీ మొహమాటం సంగతి తెలియదు," అన్నారు. గొంతు పెంచలేదు. ఆ ట్రే మొత్తం నాచేతే మళ్ళీ కొలిపించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడు ఆయన రిటైరయ్యారు. ఇక కుర్చీకి అతుక్కుపోతారనుకున్నాను. ఎక్కడ. ఆయనకి వేటంటే ప్రాణం. మిషిగన్‌లో నవంబరు నడిమికి జింకల వేట మొదలవుతుంది, ఆ రోజున మా ఫ్యాక్టరీ సగం ఖాళీ. ఆ నవంబరు కోసం ఆయన మిగతా పదకొండు నెలలూ ఒంటిని సిద్ధం చేసుకునేవారు. పెరట్లో పిట్టలకి వేసే గింజల మూట భుజాన వేసుకుని ఇంట్లో మెట్లు ఎక్కి దిగేవారు, పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు. మేజోళ్ళు కూర్చుని తొడుక్కోవడం ఆయనకి నిషిద్ధం. ఒంటికాలి మీద నిలబడే తొడుక్కోవాలి. కూర్చున్న రోజే ముసలితనం మొదలు అనేవారు. తూలి గోడ పట్టుకున్నప్పుడు నావైపు తిరిగి, "చూశావా, గోడ ఎలా కదిలిందో," అనేవారు. కుడి మోకాలికి మా పాత మేనేజరు పేరు పెట్టారు. "పనేమీ చేయడు, మూలగడం మాత్రం ఆపడు," అని దాన్ని నిమురుకునేవారు. వయసు మీద ఏడుపు ఆయన నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఆయన భార్య రూత్ పోయిన ఏడాది, సెప్టెంబరులో నాకు ఫోన్ చేసి, లెక్కపెట్టే మనిషి కావాలి, వస్తావా అన్నారు. ఏమిటో అనుకుంటూ వెళ్ళాను. ఆయన స్నేహితుడి పొలం వెనక ఒక మట్టి గట్టు ఉంది. దానికి పేపర్ ప్లేటు ఒకటి మేకులతో బిగించి, యాభై అడుగులు నడిచి వెనక్కి వచ్చారు. నియమం ఆయనే పెట్టుకున్నారు. బొటనవేలంత లావు తూటాలు ఐదు పేలుస్తారు. ప్లేటులో నాలుగు పడితే ఆ సంవత్సరం వేటకి తుపాకి తీసుకెళ్తారు. మూడే పడితే తుపాకి ఇంట్లోనే. వెళ్ళి లెక్కపెట్టి గట్టిగా చెప్పే పని ఇన్నాళ్ళూ రూత్‌ది. "వేటకొచ్చే స్నేహితుల్ని అడగొచ్చుగా," అన్నాను. "వాళ్ళంతా నా ఈడువాళ్ళు. నా గురించి అబద్ధం చెప్పి, వాళ్ళ గురించి నాతో చెప్పించుకుంటారు. నువ్వు ఇన్‌స్పెక్టరువి," అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయాను. ఆ రోజు ఐదుకి ఐదూ ప్లేటులోనే పడ్డాయి. ప్లేటు మీద పెన్సిల్‌తో ఆ సంవత్సరం రాసుకుని, జాగ్రత్తగా కారులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఏటా వెళ్ళాను, నవంబరులో అడవికి కూడా. నా భార్య భారతికి ఇది బొత్తిగా మింగుడుపడేది కాదు. "గుడ్డు కూడా ముట్టని మనిషి, జింకని చంపేచోట మీకేం పనండీ?" అని అడిగేది. కాఫీ ఫ్లాస్కు మొయ్యడానికి అనేవాణ్ణి. నిజానికి నాకు ఆయన పక్కన కూర్చోవడం ఇష్టం. మిగతా వేటగాళ్ళు జింకలనుకుని కాల్చకుండా ఇద్దరం నారింజ రంగు కోట్లు తొడుక్కుని చెట్టుకి ఆనుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. తల్లీపిల్లా కలిసి వస్తే ఆయన తుపాకి కదిలించేవారు కాదు. దూరంగా ఉన్నదాన్ని, పరిగెత్తేదాన్ని, కొమ్మల చాటున ఉన్నదాన్ని వదిలేసేవారు. ఒక్క దెబ్బకి ప్రాణం పోతుందన్న నమ్మకం లేకపోతే వేలు కదపకూడదు, ఆ ప్లేటు అందుకే అని చెప్పేవారు. నాలుగేళ్ళలో రెండు జింకల్నే కొట్టారు. మిగతా రోజుల్లో, "ఈ వయసులో నాకో సౌకర్యం ఉంది రావ్‌గారూ. నేను కునుకు తీస్తుంటే జింకలు నన్ను మొద్దు అనుకుంటాయి," అని నవ్వుతూ ఇంటికి వచ్చేవారు.

1986లో ఆయనకి డెబ్బై నాలుగు. ఆ వేసవిలో కాఫీ కప్పు కోసం చెయ్యి చాచి, పక్కనున్న గాలిని పట్టుకోవడం రెండుసార్లు చూశాను. "కప్పు జరిగింది," అన్నారు. ఇద్దరం నవ్వాం. సెప్టెంబరులో మట్టి గట్టు దగ్గర ఐదు తూటాలూ పేల్చారు. నేను ప్లేటు దగ్గరికి నడిచాను. మూడే ఉన్నాయి. మిగతా రెండూ మట్టిలో దిగాయి. ఆయనకి వీపు పెట్టి నిలబడి మళ్ళీ లెక్కపెట్టాను. లెక్కపెడితే పెరుగుతాయా. వెనకనుంచి "ఎన్ని రావ్‌గారూ?" అన్న కేక. ఇంట్లో రూత్ లేదు. ఉన్నది ఆ నవంబరు ఒక్కటే. ఆయన మూటలు మోసిన మెట్లు, ఒంటికాలి మీద తొడుక్కున్న మేజోళ్ళు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నా బొటనవేలు ప్లేటు మధ్యలో పెట్టి గట్టిగా నొక్కాను. కాగితం తెగింది. చిల్లు ఇంచుమించు తూటా అంతే పడింది. "నాలుగు," అని అరిచాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక పుణ్యకార్యం చేసినట్టు ఇంటికి వచ్చి సుఖంగా నిద్రపోయాను కూడా.

నవంబరులో వేటకి వెళ్ళిన మొదటి పొద్దునే, కోసేసిన మొక్కజొన్న చేలోంచి కొమ్ముల జింక ఒకటి బయటికి వచ్చింది. దగ్గరే ఉంది, కదలకుండా నిలబడింది. ఆయన పేల్చారు. జింక వెనక కాళ్ళ మీద కుప్పకూలి, మళ్ళీ లేచి, ఈడ్చుకుంటూ చెట్లలోకి పోయింది. వాల్టర్‌గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆకుల మీద పడిన ఎర్ర చుక్కల్ని చూసుకుంటూ బయల్దేరాం. నీళ్ళు నిలిచిన బురదలో, ముళ్ళపొదల్లో ఐదు గంటలు నడిచాం. ఆయన రెండుసార్లు పడి లేచారు. గోడ కదిలిందని అనలేదు, మోకాలిని తిట్టలేదు. ఉండబట్టలేక, "ఇక వదిలేద్దాం, మీరు అలసిపోయారు," అన్నాను. "అది అలసిపోలేదా?" అన్నారు. చివరికి వాగు పక్కన రెల్లులో కనిపించింది. తల ఎత్తి మావైపు చూస్తోంది, లేవలేకపోతోంది. ఆయన దగ్గరగా వెళ్ళి ఇంకొక తూటాతో దాని బాధ తీర్చారు. టోపీ తీసి దాని పక్కనే బురదలో కూర్చున్నారు. అది నా పనే. ఆ ఐదు గంటలూ నేనే పెట్టాను దానికి. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను, అక్కడా మొహమాటమే.

ఆ ఆదివారం ఇంటికి రమ్మన్నారు. వంటింటి బల్ల మీద ప్లేట్లన్నీ వరసగా పరిచి ఉన్నాయి, రూత్ లెక్కపెట్టినవి, నేను లెక్కపెట్టినవి. చివరి ప్లేటు పక్కన భూతద్దం పెట్టి ఉంది. "తూటా దూరితే అంచున సీసం మసి అంటుతుంది. అన్నిటికీ ఉంది. దీనికి లేదు. ఈ ముక్క పాస్ చేసింది ఎవరు?" అన్నారు. నేనే అన్నాను. ఎందుకో చెప్పబోతుంటే ఏడుపు వచ్చింది. ఆయన లేచి నా ముందు కాఫీ పెట్టారు. ఈసారి కప్పు సరిగానే బల్ల మీదికి వచ్చింది. "నా గురి తప్పింది, అది వయసు. దానికి నేను నవ్వుకోగలను, రోజూ అదే చేస్తున్నాను. కానీ నాకు కనబడనిది నువ్వు చెప్తావని నమ్మాను. నీ మొహమాటం తీసుకెళ్ళి ఆ జింక మీద పడేశావు," అన్నారు. తర్వాత ఆయన ప్లేటు చేతిలోకి తీసుకుని ఆ చిల్లులోంచి నన్ను చూశారు. "అయినా నా ఐదు తూటాల కన్నా నీ వేలే సరిగ్గా మధ్యలో దిగింది," అన్నారు. ఆయన నవ్వితేనే నేను ఊపిరి తీసుకున్నాను.

మరుసటి సెప్టెంబరులో నన్ను పిలవరనుకున్నాను. పిలిచారు. అదే గట్టు, అదే నియమం. నడిచి వెళ్ళి చూశాను. చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని, ఆయన వైపు తిరిగి నిలబడి, "రెండు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "గట్టిగా," అన్నారు. "రెండే, వాల్టర్‌గారూ," అని అరిచాను. అంత కష్టమైన అంకె నా ఉద్యోగంలో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తుపాకి తెరిచి, ఖాళీ అయిందని చూసుకుని, యాభై అడుగులూ నడిచి వచ్చి తుపాకి నా చేతుల్లో పెట్టారు. "ఇంతకాలానికి నాకో మంచి ఇన్‌స్పెక్టర్ దొరికాడు. జింకలకి నువ్వే కబురు పెట్టు," అన్నారు. ఆ నవంబరులోనూ నారింజ రంగు కోటు తొడుక్కుని అడవికి వచ్చారు. ఒంటికాలి మీదే మేజోళ్ళు తొడుక్కుని, ఫ్లాస్కు ఆయనే మోసుకుని వచ్చారు. మొద్దులా కూర్చుని జింకల్ని చూస్తూ ఎంత హాయిగా నవ్వారో. పోయేదాకా ఒక్క నవంబరు కూడా మానలేదు.

మొన్న ఆదివారం, పుట్టినరోజు ఇంట్లో, ఆ ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడినప్పుడు నాకు కావ్య మౌనం అర్థమైంది. అక్కడికి కారు నేనే డ్రైవ్ చేశాను. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న ఆ పిల్ల ముఖం నాకు తెలిసిన ముఖమే. మట్టి గట్టు దగ్గర వీపు తిప్పుకుని నిలబడినప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది. వరసలోంచి పక్కకి పిలిచి, "నిజం చెప్పు. నా డ్రైవింగ్ ఎలా ఉంది?" అని అడిగాను. "ఫైన్, నాన్నా," అంది. నేను కదలకుండా చూశాను. "గట్టిగా చెప్పు," అన్నాను. తన కళ్ళు నిండాయి. "స్టాప్ సైన్ చూడలేదు నాన్నా. రెండుసార్లు. సెకండ్ టైమ్ అక్కడ పిల్లలు క్రాస్ చేస్తున్నారు," అంది.

జేబులోంచి కారు తాళాలు తీసి ప్లేటులో పెట్టి తన చేతికిచ్చాను. కావ్య ఏడుస్తుంటే, "ఊరుకో అమ్మా, ఆ స్టాప్ సైన్లే పక్కకి జరిగాయి," అన్నాను. ఏడుపు మధ్యలోనే తనకి నవ్వు వచ్చింది. పులిహోర తిన్నాక తనే నన్ను ఇంటికి తీసుకొచ్చింది.

మర్నాడు పొద్దున ఒంటికాలి మీద నిలబడి మేజోడు తొడుక్కున్నాను.