మూత కింద నాలుగు గుడ్లు

కొత్త కోడళ్ళందరికీ ఇలాగే ఉంటుందో లేదో తెలియదు గానీ, నాకు మాత్రం ఆ రోజుల్లో నాకన్నీ వచ్చన్న ధీమా, ఏమీ రాదని ఎక్కడ బయటపడుతుందోనన్న భయం, రెండూ ఒకేసారి ఉండేవి. విజయనగరంలో డిగ్రీ చదివి, ఆమదాలవలస దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి పదిహేను రోజులు. అన్ని రోజులూ మా అత్త నన్ను పొయ్యి ముట్టుకోనివ్వలేదు. (ప్రేమ కాబోలనుకున్నాను. "సదువుకున్న పిల్ల, దానికి వంటేటొస్తాది" అని పక్కింటావిడతో అంటుంటే విన్నాక ఆ భ్రమ వదిలింది.) అందుకే ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ కళింగపట్నంలో చెల్లెలింటికి వెళ్తూ, "రాత్రికి కూర నువ్వే సెయ్యి, సూద్దుం" అనేసరికి ఇది నాకు పరీక్షేనని అర్థమైంది. ఇది చెడితే వంటిల్లు ఇక నాది కాదు.

చేపలు తోమడం రాదు, కోడి మాట సరేసరి. గుడ్లయితే ఇబ్బంది లేదు. (మా అత్తవారింట్లో గుడ్డును నీసుగా లెక్కపెట్టరు, కూరగాయల కిందే జమ.) ఫోన్లో ఒక వీడియో చూశాను. టమాటాలు మసాలాతో బాగా మగ్గబెట్టి, ఆ గుజ్జులో అక్కడక్కడా గుంటలు చేసి, గుడ్లు నేరుగా కొట్టి మూత పెట్టేయడమే. వంటింటి మూల బుట్టలో ఊక మీద ఏడు గుడ్లున్నాయి, ఒక్కోదాని మీద బొగ్గుతో గీసిన గీత. దిష్టి తగలకుండా గీశారేమోననుకున్నాను. సాయంత్రం ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించి, టమాటాలు గుజ్జయ్యాక నాలుగు గుడ్లు కొట్టాను. ఒక్క పచ్చసొనా చెదరలేదు. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

మూత పెట్టానో లేదో, చంకలో ఎర్రటి కోడిపెట్టతో మా అత్త గుమ్మంలోకొచ్చింది.

"సెల్లి కాడ పెట్ట బాగా పొదుగుతాదని అడిగి తెచ్చినాను. పుట్టిన పిల్లల్లో సగం సెల్లికిచ్చీయాల. ఒలే, ఆ గీతలెట్టిన గుడ్ల బుట్ట ఇటు తే. మాయమ్మ పెంచిన కోడి గుడ్లవి. మాయమ్మ పోనాది, మొన్న ఆ కోడీ పోనాది. దాని సంతానమంటే ఇంక ఇయ్యే."

వెనక మూకుడులో కూర బుడబుడమంటోంది. బుట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "పిల్లి వచ్చిందత్తా, నాలుగు తినీసింది" అన్నాను. (పెంకు ముక్కయినా వదలకుండా తిన్న ఆ పిల్లి ఎంత శుభ్రమైనదో నేనప్పుడు ఆలోచించలేదు.)

ఆవిడ పెట్టను స్తంభానికి కట్టి, కొంగు బిగించింది. "పక్కింటోలి పిల్లి పనే. ఈయాల అటో ఇటో తేల్చీస్తాను" అంటూ వీధిలోకి నడిచింది. రెండిళ్ళకూ కలిపి ఒకటే బోరింగు. నా నాలుగు గుడ్ల కోసం రేపటినుంచి ఆ రెండు కొంపల ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుని కొట్టుకోవాలి. పక్కింటావిడ అప్పటికే గడప దాటి, "ఏటి వదినా?" అంటోంది. నేను పరుగెత్తి అత్త చెయ్యి పట్టుకుని, "పిల్లి కాదు, నేనే. లోపలికి రా అత్తా" అని వంటింట్లోకి లాక్కొచ్చి మూత తీశాను.

ఎర్రటి గుజ్జులో నాలుగు గుడ్లు నిక్షేపంగా ఉన్నాయి. మా అత్త వాటిని వేలితో ఒక్కోటీ లెక్కపెట్టింది. తిట్టినా బాగుండును. నాకు ఏడుపు ఆగలేదు. ఆఖరికి పీట లాక్కుని కూర్చుని, "బుట్టలో మూడున్నాయి కదా, సాల్తాయిలే. కంచం తే" అంది.

అన్నం పెట్టి, రెండు గుడ్లతో కూర వేశాను. రెండు గుడ్లూ తిన్నాక ఆవిడ తలెత్తింది.

"కూర బాగున్నాది. పొద్దున్న బస్సెక్కిన కాణ్ణుంచి నా కడుపులో ఏటీ నేదు, బస్సెల్లిపోద్దని సెల్లి కాడా తిన్నేదు. తిన్నావా అత్తా అని అడగనేదు గానీ, పిల్లి కత సెప్పినావు."

వంటిల్లు ఆ మర్నాటి నుంచే నాదయింది. ఇన్నేళ్ళలో ఆ కూర ఎన్నిసార్లు వండానో. చెంగుతో కళ్ళొత్తుకుంటూ మూకుడు పక్కన నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. పచ్చసొన చెదరకుండా ఎంత జాగ్రత్తపడిందో, పాపం. ఎదురుగా ఆకలితో నిలబడ్డ మనిషి ముఖం మాత్రం చూడలేదు.